టీవీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించనప్పుడు: ఫార్మాట్ నొక్కే ముందు వెతకవలసిన చోట్లు

టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించినప్పుడు తెర మీద “పరికరం ఏదీ లేదు” అని రావచ్చు, “ఫైళ్లు ఏవీ లేవు” అని రావచ్చు, “ఈ పరికరాన్ని ఫార్మాట్ చేయాలి” అని రావచ్చు, “ఈ ఫైలును ప్లే చేయడం కుదరదు” అని కూడా రావచ్చు. చూడదలచుకున్నది చూడలేకపోయామన్న బాధ నాలుగింటిలోనూ ఒక్కటే కనుక, మనం అన్నిటినీ కలిపి “టీవీ గుర్తించడం లేదు” అనేస్తాం. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు చోట్ల తగిలే అడ్డంకులు. ఒకదానికి వేసే మందు మరొకదానికి పనిచేయదు సరికదా, తొందరపడి వేస్తే ఉన్నదాన్ని కూడా పోగొడుతుంది. అందువల్ల ముందుగా తేల్చుకోవలసింది దీన్ని ఎలా బాగుచేయాలన్నది కాదు, ప్రయాణం ఎక్కడ ఆగిపోయిందన్నది.

ఈ తేడా నాకు బాగా తెలిసివచ్చిన సందర్భం ఒకటి ఉంది. దసరాకు నెల్లూరు నుంచి చెన్నైలోని మా ఇంటికి వచ్చిన పిన్ని, తన కూతురి పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ను నగల పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. భోజనాలయ్యాక అందరం కలిసి చూద్దామని దాన్ని టీవీ వెనుక తగిలించి, రిమోట్ చేత్తో పట్టుకుని, వంటింట్లో ఉన్న నన్ను ఉద్దేశించి “ఏందో అడగతా ఉండాదిరా, ఓకే నొక్కేదా?” అంది. నేను పరుగెత్తుకుని వచ్చి చూసేసరికి తెర మీద ఉన్న ప్రశ్న, పరికరాన్ని ఫార్మాట్ చేయమంటారా అన్నది. పెళ్లి జరిగి ఏడాది దాటింది. వీడియో తీసిన ఫోటోగ్రాఫర్ తన దగ్గరి ప్రతిని అప్పటికే చెరిపేసుకున్నాడు. అంటే ప్రపంచం మొత్తం మీద ఆ పెళ్లికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది, దానికీ శూన్యానికీ మధ్య రిమోట్ మీది ఒక్క మీట మాత్రమే ఉంది.

ఫార్మాట్ అన్న మాటకు అర్థం ‘సరిచేయడం’ అనుకునేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. టీవీ ఆ ప్రశ్న అడుగుతున్నదంటే పెన్‌డ్రైవ్ పాడైందనే అర్థం కాదు. అందులో సమాచారాన్ని అమర్చిన పద్ధతి తనకు తెలియదు కనుక, దాన్ని తుడిచేసి తనకు తెలిసిన పద్ధతిలో మళ్లీ గీసుకుంటానని అనుమతి అడుగుతున్నదని. కాబట్టి అక్కడ ‘వద్దు’ అన్నదే సమాధానం. ఆ తరువాత చేయవలసిన మొదటి పని, పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి అందులో ఉన్నదంతా మరొక చోటికి కాపీ చేసుకోవడం. ఈ ఒక్క పని ముగిస్తే ఇకపై చేసే ప్రయోగాలన్నీ నిర్భయంగా చేయవచ్చు.

ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్నది కదా, కనుక తప్పు టీవీదే అని చాలామంది తేల్చేస్తారు. ఈ వాదన సగమే నిజం. విండోస్ గానీ మ్యాక్ గానీ ఎన్నో రకాల అమరికలను చదవడానికి తయారైన పెద్ద వ్యవస్థలు. టీవీలో ఉండేది చిన్న కంప్యూటరే. చాలా టీవీలలో లోపల నడిచేది లినక్స్, లేదా లినక్స్ మీద కట్టిన ఆండ్రాయిడ్. తయారీదారు దానికి ఏ పద్ధతులు నేర్పి పంపాడో అవే దానికి వస్తాయి. తమిళం మాత్రమే చదవగలిగిన మనిషి చేతిలో తెలుగు ఉత్తరం పెడితే, ఉత్తరంలోనూ తప్పు లేదు, మనిషి కళ్లలోనూ తప్పు లేదు. చెన్నైలో బస్సు బోర్డులు చదవడానికి తడబడే మన పెద్దవాళ్లను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పెన్‌డ్రైవ్ టీవీలోకి వెళ్లాక ఏం జరుగుతుందో వరుసగా చూస్తే అడ్డంకులు ఎక్కడెక్కడ ఉంటాయో అర్థమవుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 మూతిలో నాలుగు లోహపు పట్టీలు ఉంటాయి. వాటిలో కరెంటు మోసే రెండు బయటి పట్టీలు కొంచెం పొడవుగా ఉండి, సమాచారం మోసే లోపలి పట్టీల కంటే ఒక క్షణం ముందు తగులుతాయి. ముందు 5 వోల్టుల కరెంటు అందుతుంది, పెన్‌డ్రైవ్ మేలుకుంటుంది. తరువాత అది ఒక సమాచారపు తీగలో వోల్టేజీని పైకి లేపి తాను వచ్చానని తెలియజేస్తుంది. టీవీ దానికి ఒక సంఖ్యను చిరునామాగా ఇచ్చి, నీవు ఏ తరగతి పరికరానివి, నీకు ఎంత కరెంటు కావాలి అని అడుగుతుంది. “నేను నిల్వ పరికరాన్ని” అన్న జవాబు వస్తే, అప్పుడు టీవీ దాని మొదటి సెక్టారును, అంటే నిల్వలోని మొదటి చిన్న గడిని చదివి, లోపల ఎన్ని భాగాలున్నాయి, ఒక్కో భాగం ఏ పద్ధతిలో రాసి ఉంది అని చూస్తుంది. ఆ పద్ధతి తెలిసినదైతే ఫైళ్ల పేర్లు చదువుతుంది. చివరగా, మనం ఒక ఫైలును ఎంచుకున్నప్పుడు మాత్రమే అందులోని బొమ్మను, ధ్వనిని విప్పడానికి ప్రయత్నిస్తుంది. కరెంటు, పలకరింపు, అమరిక, ఫైలు — ఈ నాలుగింటిలో ఏది తెగినా, తెర మీది మాట వేరైనా, చివరికి మనకు మిగిలేది చూడలేకపోవడమే.

అదే తరగతి ప్రశ్న దగ్గర ఫోను కూడా ఆగిపోతుంది. ఫోనును తీగతో టీవీకి కలిపితే పెన్‌డ్రైవ్‌లాగా కనిపిస్తుందని ఆశించేవారు ఉన్నారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు తమను నిల్వ పరికరంగా పరిచయం చేసుకోవు. ఎంటీపీ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి. ఆ భాష రాని టీవీకి ఫోను బ్యాటరీ నింపుకోవడానికి వచ్చిన అతిథి మాత్రమే.

ఏ చోట తెగిందో కనుక్కోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, మార్చి చూడడం చాలు. ఇంట్లో ఉన్న 8 జీబీదో 16 జీబీదో చిన్న పెన్‌డ్రైవ్ తీసుకుని, ఫ్యాట్32 పద్ధతిలో (దాదాపు అన్ని పరికరాలూ చదవగల పాత అమరిక, దీని వివరం కింద వస్తుంది) ఫార్మాట్ చేసి, అందులో ఒకే ఒక జేపీజీ ఫోటో వేసి టీవీకి పెట్టాలి. ఫోటో కనిపిస్తే టీవీ సాకెట్టు, దాని లోపలి వ్యవస్థ రెండూ బాగున్నట్టే. ఇక వెతకవలసింది మొదటి పెన్‌డ్రైవ్‌లోనే. అదీ కనిపించకపోతే టీవీ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష ఐదు నిమిషాల్లో సగం ఊహలను కొట్టివేస్తుంది, అయినా దీన్ని చేసేవారు అరుదు. చాలామంది ఒకే పెన్‌డ్రైవ్‌ను పదిసార్లు తీసి పెడుతూ ఉంటారు.

టీవీ వైపు చూడవలసినవి ఎక్కువ ఉండవు. కొన్ని పాత టీవీలలో ఒక యూఎస్‌బీ సాకెట్టు పక్కన ‘సర్వీస్’ అని రాసి ఉంటుంది. అది మరమ్మతు చేసేవారికోసం పెట్టినది, దానిలో సినిమాలు ఆడవు. రిమోట్‌తో టీవీని ఆపినప్పుడు అది పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుంది అంతే. అందువల్ల గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒకటి రెండు నిమిషాల తరువాత మళ్లీ వేస్తే లోపలి వ్యవస్థ మొదటి నుంచి లేస్తుంది, ఇరుక్కుపోయిన సాకెట్టు కొన్నిసార్లు దీనితోనే తేరుకుంటుంది. ఆండ్రాయిడ్ టీవీలలో పెన్‌డ్రైవ్ లోపల గుర్తింపు పొందినా, చూపించే ఆప్ లేకపోవడం వల్లనో, ఉన్న ఆప్‌కు నిల్వను చూసే అనుమతి ఇవ్వకపోవడం వల్లనో తెర మీదికి రాదు. సెట్టింగులలో నిల్వ అన్న చోట దాని పేరు కనిపిస్తే, వీఎల్‌సీ వంటి ఆప్ వేసుకుని అనుమతి ఇవ్వడమే మిగిలిన పని. చెన్నైలాంటి సముద్రతీరపు ఊరిలో తేమ, ఉప్పుగాలి లోహానికి త్వరగా తుప్పు పట్టిస్తాయి కనుక, చాలాకాలం సొరుగులో పడి ఉన్న పెన్‌డ్రైవ్ మూతిని శుభ్రమైన పొడిగుడ్డకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరిన తరువాత పెట్టి చూడడం కూడా మంచిదే.

కరెంటు చాలకపోవడం పెన్‌డ్రైవ్‌లకు అరుదు, హార్డ్‌డిస్కులకు తరచు. యూఎస్‌బీ 2.0 సాకెట్టు నియమం ప్రకారం ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్టు ఇవ్వవలసింది 900. జేబులో పట్టే హార్డ్‌డిస్కు లోపల నిజంగా తిరిగే పళ్లెం ఉంటుంది. అది నిశ్చల స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు క్షణాల్లో నడిచేటప్పటికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. టీవీ ఇవ్వలేకపోతే డిస్కు దీపం వెలిగి, టిక్కుమని ఒక శబ్దం చేసి, ఆగి, మళ్లీ అదే మొదలుపెడుతుంది. ఆ శబ్దం వినిపిస్తే ఫార్మాట్ గురించి ఆలోచించడం దండగ. టీవీ మీద ‘హెచ్‌డీడీ’ అని గానీ 1 ఆంపియర్ అని గానీ గుర్తు ఉన్న సాకెట్టు ఉంటే దానికి మార్చాలి, లేకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా కలపాలి. గోడకు బిగించిన టీవీ వెనుకకు చేయి పట్టదని నాసిరకం పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే, వచ్చే కాస్త కరెంటు కూడా దారిలో తగ్గిపోతుంది. తీగ తీసేసి నేరుగా పెట్టి చూడకుండా డిస్కును నిందించకూడదు.

పిన్ని తెచ్చిన పెన్‌డ్రైవ్ దీపం చక్కగా వెలిగింది, టీవీ దాన్ని చూసి ప్రశ్న కూడా వేసింది. అంటే కరెంటు, పలకరింపు రెండూ దాటాయి. ఆగింది మూడో చోట, అమరిక దగ్గర. మన ఇళ్లలో ఎదురయ్యే చిక్కుల్లో పెద్ద భాగం ఇక్కడిదే కనుక దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

పెన్‌డ్రైవ్‌లోని జ్ఞాపకం వరుస సంఖ్యలు వేసిన గళ్ల రాశి మాత్రమే. ఏ ఫైలు ఏ గడిలో మొదలై ఎక్కడెక్కడ కొనసాగుతుందో రాసిపెట్టే చిట్టా పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. ఈ చిట్టా రాసే పద్ధతులు ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టాయి. ఫ్యాట్32 విండోస్ 95 మలి విడుదలతో 1996లో వచ్చింది. అది ఎంత సరళమైనదంటే టీవీలు, కారు స్టీరియోలు, కెమెరాలు, దాదాపు యూఎస్‌బీ మూతి ఉన్న ప్రతిదీ దాన్ని చదవగలదు. అయితే అందులో ఫైలు పరిమాణం రాయడానికి కేటాయించిన చోటు 32 బిట్లు మాత్రమే కనుక, ఒక ఫైలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్లకు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువకు మించి ఉండడానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా 6 జీబీ సినిమా కాపీ కాకుండా “ఫైలు మరీ పెద్దది” అని రావడానికి కారణం ఇదే. దాన్ని చోటు లేకపోవడంగా అపార్థం చేసుకుని ఉన్న ఫోటోలు చెరిపేసినవారు నాకు తెలుసు.

ఎన్‌టీఎఫ్ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చినది. దానికి ఈ 4 జీబీ హద్దు లేదు, చాలా టీవీలు దాన్ని చదువుతాయి కూడా. ఎక్స్‌ఫ్యాట్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో, ప్రత్యేకించి పెన్‌డ్రైవ్‌ల వంటి వాటికోసం తెచ్చింది. హద్దు లేదు, సరళంగానూ ఉంటుంది, విండోస్ మ్యాక్ రెండూ రాయగలవు. ఇన్ని సుగుణాలున్నా పాత టీవీలలో చాలావాటికి అది తెలియదు. కారణం సాంకేతికమైనది కాదు. ఎక్స్‌ఫ్యాట్‌ను వాడుకోవాలంటే తయారీదారు మైక్రోసాఫ్ట్ నుంచి లైసెన్సు తీసుకోవలసి ఉండేది. ఆ సంస్థ దాని నిర్మాణ వివరాలను బహిరంగపరచి లినక్స్‌లో చేర్చడానికి సమ్మతించింది 2019లో. 2020లో వెలువడిన లినక్స్ 5.7లో దాన్ని చదివే చక్కటి డ్రైవర్ (ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ముక్క) చేరింది. అంతకుముందు తయారైన టీవీ, అందులోనూ తక్కువ ధరది, ఎక్స్‌ఫ్యాట్ చదవలేదంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

ఇక్కడే అసలు ముడి పడుతుంది. బజారులో కొన్న 32 జీబీ వరకు పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32తో వస్తాయి; 64 జీబీ, అంతకు మించినవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. పైగా విండోస్ ఫార్మాట్ కిటికీ చాలాకాలంగా 32 జీబీ దాటిన వాటికి ఫ్యాట్32ను అసలు చూపించనే చూపించదు. అందుకే “పాత చిన్న పెన్‌డ్రైవ్ ఆడుతోంది, కొత్త పెద్దది ఆడటం లేదు, కనుక కొత్తది నకిలీ” అన్న నిర్ధారణకు వచ్చి, చెన్నై రిచీ స్ట్రీట్‌లోని ఎలక్ట్రానిక్స్ దుకాణదారుతో తగాదా పెట్టుకునేవారు ఉంటారు. చాలాసార్లు ఇద్దరిదీ తప్పు కాదు; ఇంట్లోని టీవీ వయసూ కొత్త పెన్‌డ్రైవ్ అమరికా కలవలేదంతే. 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా మార్చాలంటే రూఫస్ వంటి ఉచిత సాధనం ఆ పని చేస్తుంది. పెద్ద ఫైళ్లు ఉంటే ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకుని, టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందే ఒక చిన్న ఫైలుతో పరీక్షించుకోవడం నయం. పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఏ పద్ధతిలో ఉందో తెలుసుకోవడానికి విండోస్‌లో దాని మీద కుడి నొక్కు నొక్కి ‘ప్రాపర్టీస్’ చూస్తే చాలు.

మ్యాక్‌లో తయారైన డిస్కులు వేరే కథ. వీడియో ఎడిటింగ్ చేసేవారిలో మ్యాక్ వాడేవారు ఎక్కువ కనుక పెళ్లి వీడియోల విషయంలో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఏపీఎఫ్ఎస్, హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అన్న ఆపిల్ పద్ధతులను సాధారణ టీవీలు చదవవు; అదనపు సాఫ్ట్‌వేర్ లేనిదే విండోస్ కూడా చదవదు, పైగా అదీ ఫార్మాట్ చేయమంటారా అనే అడుగుతుంది. మ్యాక్‌లోనే ఎక్స్‌ఫ్యాట్‌గా చేసినా ఒక చిక్కు మిగలవచ్చు. డిస్కును భాగాలుగా పంచిన వివరం రాసే పట్టిక రెండు రకాలు: పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. మ్యాక్ జీపీటీ పట్టిక రాసినప్పుడు తరచు మొదట్లో ఈఎఫ్ఐ అనే, కంటికి కనిపించని చిన్న భాగాన్ని ఉంచుతుంది. కొన్ని టీవీలకు జీపీటీ అర్థం కాదు. మరికొన్ని ఆ మొదటి చిన్న భాగాన్నే చూసి డిస్కు ఖాళీ అనుకుంటాయి. మ్యాక్ డిస్క్ యుటిలిటీలో అన్ని పరికరాలూ కనిపించేలా చేసుకుని, అసలు పరికరాన్ని ఎంచుకుని, ‘మాస్టర్ బూట్ రికార్డ్’ అన్న పథకంతో ఫార్మాట్ చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఎంబీఆర్‌కూ ఒక హద్దు ఉంది: 512 బైట్ల సెక్టార్లతో అది సుమారు 2 టీబీ దాటి లెక్కించలేదు. అంతకన్నా పెద్ద హార్డ్‌డిస్కు కొనేవారు ముందుగా టీవీతో వచ్చిన వాడకపు పుస్తకం చూసుకోవాలి.

ఎప్పుడో విండోస్ లేదా లినక్స్ ఎక్కించడానికి వాడిన పెన్‌డ్రైవ్ కూడా ఇలాగే తికమక పెడుతుంది. అందులో అమరిక మామూలుగా ఉండదు, ఒక చిన్న భాగమే కనిపించి మిగతా చోటంతా మాయమైనట్టు ఉంటుంది. అటువంటిదాన్ని మొదట్లోంచి తుడిచి ఒకే భాగంగా చేసుకోవాలి. ఇక విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసిన పెన్‌డ్రైవ్‌ను టీవీ తెరవలేదు, దానికి తాళంచెవి అడిగే విధానమే తెలియదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో కారణం, ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌ను చెప్పకుండా లాగేయడం. కాపీ పట్టీ చివరికి చేరినట్టు కనిపించినా కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉండి ఉండవచ్చు. మధ్యలో లాగితే చిట్టాలో లెక్క సగంలో ఆగి, ‘ఇది సరిగ్గా మూయలేదు’ అన్న గుర్తు మిగిలిపోతుంది. ల్యాప్‌టాప్ ఆ గుర్తును చూసీ చూడనట్టు తెరుస్తుంది. కొన్ని టీవీల డ్రైవర్లు మాత్రం అటువంటి డిస్కును తెరవడానికి నిరాకరిస్తాయి. నిన్నటిదాకా ఆడిన పెన్‌డ్రైవ్ ఈరోజు హఠాత్తుగా ఆడకపోతే నేను మొదట అనుమానించేది దీన్నే. విండోస్‌లో డిస్కు ప్రాపర్టీస్‌లో ‘టూల్స్’ కింద ‘చెక్’ నొక్కి తప్పులు సరిచేయించి, ‘ఎజెక్ట్’ చెప్పి తీస్తే, చాలాసార్లు అది మళ్లీ టీవీలో పలుకుతుంది.

నకిలీ పెన్‌డ్రైవ్‌లు లేవని కాదు. కొన్ని వందల రూపాయలకు 2 టీబీ అని అమ్మేవాటిలో లోపల ఉండేది అందులో చిన్న వంతు చిప్పు. కంప్యూటర్ అడిగితే అబద్ధపు పరిమాణం చెప్పేలా దాన్ని తయారుచేస్తారు. నిజమైన చోటు నిండే వరకు అంతా బాగానే ఉంటుంది, ఆ తరువాత రాసినవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా పడవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అన్న ఉచిత సాధనాలు డిస్కును అంచుల దాకా నింపి తిరిగి చదివి నిజం తేలుస్తాయి. అయితే 64 జీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 59 జీబీ చిల్లర చూపిస్తే అది మోసం కాదు: తయారీదారు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, విండోస్ 107 కోట్ల 37 లక్షల చిల్లర బైట్లుగా లెక్కిస్తుంది.

అమరిక కుదిరి, ఫైళ్ల పట్టిక తెర మీదికి వచ్చాక కూడా కొన్ని వింతలు ఉంటాయి. తనకు తెలిసిన తోక (పేరు చివర చుక్క తరువాత వచ్చే ఎంపీ4, జేపీజీ వంటి అక్షరాలు) ఉన్న ఫైళ్లనే టీవీ చూపిస్తుంది. మిగతావి ఉన్నా లేనట్టే, అందుకే ‘ఫైళ్లు లేవు’ అంటుంది. మ్యాక్ నుంచి కాపీ చేసిన చోట ప్రతి వీడియోకూ జంటగా, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే కొన్ని కిలోబైట్ల ఫైలు ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఆడదు, అది వీడియో కాదు, మ్యాక్ దాచుకున్న వివరాల చీటీ. ఫైలు పేరు తెలుగులో పెడితే కొన్ని టీవీలలో అక్షరాల బదులు గళ్లు కనిపిస్తాయి, ఎందుకంటే పెన్‌డ్రైవ్ ఆ పేరును సరిగ్గానే దాచుకుంది గానీ టీవీ దగ్గర తెలుగు ఫాంట్ లేదు. మన దగ్గర అమ్మే వస్తువులో మన లిపి ఉండాలని కోరడం అత్యాశ కాదని నా అభిప్రాయం. అది వచ్చేవరకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోక తప్పదు. సబ్‌టైటిళ్ల ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో దాచి, వీడియో పేరే దానికీ పెట్టాలన్నది కూడా ఈ వరుసలోనిదే.

చివరి అడ్డంకి ఫైలు లోపలిది. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ అన్నవి క్యారియర్ గిన్నెల పేర్లు మాత్రమే, లోపల ఉన్న వంటకం, అంటే వీడియోను కుదించిన పద్ధతి, పేర్లు కావు. ఒకే ఎంపీ4లో 2003 నాటి హెచ్.264 ఉండవచ్చు, 2013 నాటి హెచ్ఈవీసీ ఉండవచ్చు, 2018లో వచ్చిన ఏవీ1 ఉండవచ్చు. టీవీ వీడియోను విప్పేది సాఫ్ట్‌వేర్‌తో కాదు, చిప్పులో చెక్కిన ప్రత్యేక యంత్రాంగంతో. ఆ చిప్పు తయారైనాక పుట్టిన పద్ధతిని దానికి నేర్పడం కుదరదు. హెచ్.264 అయినా సరే, కెమెరా నుంచి నేరుగా వచ్చే 10 బిట్ల 4:2:2 రకాన్ని (రంగుల వివరం మామూలుకన్నా ఎక్కువ ఉండేదాన్ని) చాలా టీవీలు విప్పలేవు, ఎడిటర్లు వాడే ప్రోరెస్‌నూ అంతే. బొమ్మ వచ్చి ధ్వని రాకపోతే ధ్వని పద్ధతిని అనుమానించాలి. డీటీఎస్ ధ్వనికి మద్దతు లేని టీవీలు చాలా ఉన్నాయి. మీడియాఇన్ఫో అన్న చిన్న సాధనం ఫైలును విప్పి లోపల ఏ వంటకం ఉందో చెబుతుంది. అవసరమైతే హ్యాండ్‌బ్రేక్ అనే సాధనం దాన్ని టీవీకి అరిగే రూపంలోకి మారుస్తుంది.

మరొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అంటే 2015 నుంచి, పెన్‌డ్రైవ్‌ను పరికరపు సొంత నిల్వగా మార్చుకునే వీలు వచ్చింది. ఆండ్రాయిడ్ టీవీలలో అది కనిపిస్తుంది. దానికి సరేనంటే టీవీ పెన్‌డ్రైవ్‌ను తుడిచి, తన తాళంతో గుప్తీకరించుకుంటుంది, ఆ తరువాత అది ఇంకెక్కడా తెరుచుకోదు. కార్యక్రమాలను రికార్డు చేసుకునే టీవీలలో కూడా ఆ పనికోసం కేటాయించిన డిస్కు తరచుగా ఇలాగే ఆ ఒక్క టీవీకే కట్టుబడిపోతుంది. ఒక పెన్‌డ్రైవ్ ఒక టీవీలో ఆడుతూ మిగతా అన్నిచోట్లా ఖాళీగా కనిపిస్తున్నదంటే ఈ దారి చూడాలి.

పిన్ని పెన్‌డ్రైవ్ సంగతికి వస్తే, అది 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. మా టీవీ పదేళ్ల కిందటిది, ఫుల్ హెచ్‌డీది. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే రెండు గంటల నిడివి గల ఒకే ఒక 4కే వీడియో, 38 జీబీ. ముందు దాన్ని ల్యాప్‌టాప్‌లోకీ, ఒక హార్డ్‌డిస్కులోకీ కాపీ చేశాను. తరువాత నా దగ్గరున్న వేరే పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్‌గా మార్చి అందులో వేసి పెట్టాను. ఈసారి టీవీ ఫైలు పేరు చూపించింది, నొక్కితే మాత్రం ఆడలేనంది. మూడో అడ్డంకి దాటి నాలుగోది తగిలిందన్నమాట. ఆ టీవీ చిప్పు 4కే విప్పడానికి తయారైనది కాదు. అదే రాత్రి హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264, 1080 గీతల రూపంలోకి మార్చడం మొదలుపెట్టి, సెకనుకు సుమారు 8 మెగాబిట్ల లెక్కన పెట్టాను. అలా పెడితే గంట వీడియో 3.6 జీబీ చిల్లరకు వస్తుంది, ఫ్యాట్32 హద్దులోనే ఉంటుంది, ఏ ఊళ్లో ఏ పాత టీవీకి పెట్టినా అమరిక చిక్కు రాదు. కనుక రెండు ఫైళ్లుగా చేశాను: స్నాతకం నుంచి జీలకర్ర బెల్లం వరకు ఒకటి, తలంబ్రాల నుంచి అప్పగింతల వరకు మరొకటి. ల్యాప్‌టాప్ తెల్లవారేదాకా నడిచింది.

పొద్దున కాఫీ వేళకు పిన్ని రెండో ఫైలే ముందు పెట్టమంది. అది నడుస్తుండగా ఆమె పెన్‌డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు తిరిగి నగల పెట్టెలో పెట్టించి, మార్చిన రెండు ఫైళ్లున్న 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను విడిగా ఇచ్చి, దాని మీద ‘టీవీకి’ అని చీటీ అంటించాను. వచ్చే మాఘంలో వాళ్ల అబ్బాయి పెళ్లి ఉంది. ఫోటోగ్రాఫర్‌ను ఏమడగాలో కూడా ఒక కాగితం మీద రాసిచ్చాను: అసలు వీడియో హార్డ్‌డిస్కులో ఒక ప్రతి, టీవీకోసం హెచ్.264లో 1080 గీతల ఎంపీ4 ముక్కలు, ధ్వని ఏఏసీ అనే పద్ధతిలో, ఒక్కోటి 4 జీబీ లోపు, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో. అసలు ప్రతి తెరుచుకుందని, ముక్కలు మన ఇంటి టీవీలో ఆడాయని మనం చెప్పేవరకు ఆయన తన ప్రతిని చెరపకూడదు.